ఐడియల్ వెయిట్, అడ్జస్టెడ్ వెయిట్ లెక్క: 0.4 పెట్టాలా, 0.25 పెట్టాలా?

లావణ్య_కరీంనగర్:
అందరికీ నమస్తే. బీఎస్సీ నర్సింగ్ అయిపోయింది, ఎన్‌క్లెక్స్‌కి (అమెరికా నర్సింగ్ లైసెన్స్ పరీక్ష) చదువుతున్నాను. డోసేజ్ క్యాలిక్యులేషన్‌లో ఒక లెక్క తేలడం లేదు.

పేషెంట్ స్త్రీ. ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు, బరువు 212 పౌండ్లు. జెంటామైసిన్ (యాంటీబయాటిక్) కేజీకి 5 ఎంజీ, రోజుకొకసారి, అడ్జస్టెడ్ బాడీ వెయిట్ ప్రకారం ఇవ్వమని ఆర్డర్. ఎన్ని ఎంజీ?

212 ÷ 2.2 = 96.4 కేజీ. ఐడియల్ వెయిట్ (ఎత్తుని బట్టి కట్టే బరువు) 45.5 + (2.3 × 4) = 54.7 కేజీ. నా దగ్గరున్న రెండు మెటీరియల్స్‌లోనూ ఇక్కడిదాకా ఒకటే. ఆ తర్వాత ఒకదాంట్లో తేడాని 0.4తో గుణించి అడ్జస్టెడ్ వెయిట్ 71.4, డోసు 357 ఎంజీ అన్నారు. ఇంకోదాంట్లో 0.25తో గుణించి 65.1 కేజీ, 326 ఎంజీ అన్నారు. ఇద్దరూ ఆన్సర్ కీలో టిక్ పెట్టేశారు, ఎందుకో ఎవరూ రాయలేదు. ఏది నమ్మాలి? అసలు ఈ 0.4 ఎక్కడి నుంచి ఊడిపడింది?

పద్మ_ట్యూటర్:
లావణ్యా, పరీక్షకైతే 0.4. మందుల డోసుకి అడ్జస్టెడ్ వెయిట్ అంటే అదే వాడతారు:

అడ్జస్టెడ్ = ఐడియల్ + 0.4 × (అసలు బరువు − ఐడియల్)

నీ లెక్కలో 54.7 + 0.4 × 41.7 = 71.38. ఐదుతో గుణిస్తే 356.9, అంటే 357. లెక్కలో ఏ తప్పూ లేదు.

ఒక్క మాట. మధ్యలో రౌండ్ చేయకు. 71.38ని 71 చేసి గుణిస్తే 355 వస్తుంది, ఖాళీ పూరించే ప్రశ్నలో అది తప్పే. ఎక్కడ రౌండ్ చేయాలో ప్రశ్న చివర రాసే ఉంటుంది, దాన్ని చదవకుండా ఆన్సర్ కొట్టేవాళ్ళే మా క్లాసులో ఎక్కువ.

డైట్_సునంద:
0.25 మా వైపు నుంచి వచ్చిందమ్మా. డైటీషియన్ల పాత పుస్తకాల్లో లావుగా ఉన్నవాళ్ళకి క్యాలరీలు కట్టేటప్పుడు తేడాలో నాలుగో వంతు కలిపేవాళ్ళం. అది తిండి లెక్క, మందుల లెక్క కాదు. ఎవరో రెండూ కలిపి మెటీరియల్ తయారు చేసినట్టున్నారు.

ఇప్పుడు ఐసీయూలో మేమూ దాన్ని చాలావరకు వదిలేశాం. అమెరికా క్రిటికల్ కేర్ న్యూట్రిషన్ గైడ్‌లైన్ 2016లో బీఎంఐ 30 నుంచి 50 మధ్య ఉంటే అసలు బరువు మీద కేజీకి 11–14 క్యాలరీలు అని ఉంది. ప్రొటీన్‌కి మాత్రం ఐడియల్ వెయిట్ మీద కేజీకి 2 గ్రాములు, బీఎంఐ 40 దాటితే రెండున్నర దాకా. మీ పేషెంట్‌నే తీసుకుంటే బీఎంఐ 36.5. క్యాలరీలు 96.4 మీద కట్టాలి, సుమారు 1,060 నుంచి 1,350. ప్రొటీన్ 54.7 మీద కట్టాలి, 109 గ్రాములు. ఒకే ట్యూబ్ ఫీడ్‌కి రెండు బరువులు.

లావణ్య_కరీంనగర్:
అయ్యో, ఇంకా టెన్షన్ పెరిగింది సునంద గారూ. మరి మందుకొక బరువు గుర్తుపెట్టుకోవాలా?

ఫార్మ్‌డీ_కిరణ్:
హైదరాబాద్‌లో క్లినికల్ ఫార్మసిస్ట్‌ని. 0.4 సంగతి నేను చెప్తాను.

జెంటామైసిన్, అమికాసిన్, టోబ్రామైసిన్ ఇవన్నీ నీళ్ళలో కలిసే మందులు. కొవ్వులోకి పెద్దగా పోవు. అందుకని 96 కేజీల మనిషికి 96 మీద డోసు కడితే రక్తంలో లెవెల్ పైకి పోతుంది, కిడ్నీకీ చెవికీ ముప్పు. అలాగని 54.7 మీద కడితే తక్కువైపోతుంది. ఎందుకంటే పెరిగిన ఒళ్ళంతా కొవ్వే కాదు, ఆ కొవ్వులోనూ కొంత నీరుంటుంది, దాన్ని మోయడానికి కండ, రక్తం కూడా కొంత పెరుగుతాయి. 1980ల్లో బాగా లావుగా ఉన్న పేషెంట్లలో ఈ మందుల లెవెల్స్ కొలిచి చూస్తే, అదనపు బరువులో సుమారు 40 శాతం కలిపితే లెక్క సరిపోతోందని తేలింది. మీ 0.4 అదే.

ఐడియల్ వెయిట్ ఫార్ములా పుట్టింది కూడా ఈ మందు కోసమే. 1974లో డివైన్ అనే ఆయన జెంటామైసిన్ థెరపీ మీద రాసిన వ్యాసంలో మగవాళ్ళకి 50, ఆడవాళ్ళకి 45.5, ఐదు అడుగుల పైన అంగుళానికి 2.3 కేజీ అని పెట్టారు. అదేదో వేలమందిని తూచి కట్టింది అనుకుంటారు అందరూ. కాదు. 2000లో పాయ్, పాలూచెక్ ఈ ఈక్వేషన్ల మూలం వెతుక్కుంటూ పోతే, అవి అమెరికా బీమా కంపెనీల ఎత్తు–బరువు టేబుల్స్‌కి దగ్గరగా ఉండే పాత కొండగుర్తులని తేలింది. ఐదడుగుల ఆడమనిషికి 100 పౌండ్లు, పైన అంగుళానికి ఐదు పౌండ్లు. దాన్ని కేజీల్లోకి మార్చండి: 45.5, 2.3. దాదాపు అదే. 1964లో హామ్వి ఇచ్చింది కూడా ఆడవాళ్ళకి ఇదే లెక్క. 1983లో రాబిన్సన్, మిల్లర్ వేరే అంకెలు ఇచ్చారు కానీ వార్డులో నిలబడింది డివైన్‌దే.

రియాద్_రాజు:
ఇంత అవసరమా బ్రో? ఆర్డర్‌లో ఎంజీ రాసి వస్తుంది, ఫార్మసీ చెక్ చేసి పంపుతుంది, మనం ఐడీ చూసి ఎక్కిస్తాం. నేను ప్రొమెట్రిక్ (గల్ఫ్ లైసెన్స్ పరీక్ష) రాసినప్పుడు బట్టీ కొట్టాను, పాసయ్యాను. తర్వాత డ్యూటీలో డివైన్‌తో పనిపడలేదు.

సరోజిని_ఐసీయూ:
రాజూ, నీ దగ్గర సాఫ్ట్‌వేర్ ఉంది, ప్రతి షిఫ్టుకీ ఫార్మసిస్ట్ ఉన్నాడు. ఇక్కడ రాత్రి రెండు గంటలకి నైట్ డ్యూటీలో ఎవరుంటారో నీకూ తెలుసు. ఒక డ్యూటీ డాక్టర్, ఇద్దరు సిస్టర్లు, పది బెడ్లు.

మన దగ్గర జెంటామైసిన్ 80 ఎంజీ, 2 ఎంఎల్ వయల్స్‌లో వస్తుంది. లావణ్య చెప్పిన పేషెంట్‌కి అసలు బరువు మీద రాస్తే 482 ఎంజీ, అంటే ఆరు వయల్స్ లాగాలి. అడ్జస్టెడ్ మీద 357 ఎంజీ, నాలుగున్నర. ట్రేలో ఆరో వయల్ పెట్టేటప్పుడు ఎవరికైనా "ఇన్నా?" అనిపించాలి. అనిపించాలంటే లెక్క తెలిసుండాలి. డోసు మార్చే అధికారం మనకి లేదు, నిజమే. కానీ "సార్, ఇది ఏ బరువు మీద రాశారు?" అని అడిగే పని మనదే. డాక్టర్ విసుక్కున్నా సరే.

పైగా ఆర్డర్ ఎంతో ఫార్మసీ చెక్ చేసేది కేస్ షీట్‌లో మనం రాసిన ఎత్తు, బరువు చూసే. అవి తప్పయితే పైన ఎన్ని చెక్‌లున్నా ఏం లాభం?

రియాద్_రాజు:
అక్కా, ఆ లాస్ట్ పాయింట్ ఒప్పుకుంటా. ఎత్తు అయితే మేం కూడా పేషెంట్‌నే అడిగి రాస్తాం.

సరోజిని_ఐసీయూ:
అసలు కథ అక్కడే ఉంది. మనవాళ్ళు ఎత్తు ఎలా చెప్తారు? "ఫైవ్ ఫోర్". దాన్ని షీట్‌లో 5.4 అని రాస్తాం. ఇంకొకరు ఆ 5.4ని యాప్‌లో అడుగులుగా కొడతారు. 5.4 అడుగులంటే 64.8 అంగుళాలు, 64 కాదు. సరే, ఇది చిన్న తేడా.

"ఫైవ్ టెన్" మనిషిని చూడండి. షీట్‌లో 5.10. యాప్‌కి అది 5.1 అడుగులు. 177.8 సెంటీమీటర్ల మనిషి 155 సెంటీమీటర్లు అయిపోతాడు. ఐడియల్ వెయిట్ 73 బదులు 53 చూపిస్తుంది. ఇరవై కేజీల తేడా, ఒక్క చుక్క వల్ల. అందుకే మా యూనిట్‌లో కొత్తగా చేరిన పిల్లలకి మొదటి రోజే చెప్తాను, ఎత్తు సెంటీమీటర్లలోనే రాయాలి, టేప్ పెట్టి కొలిచాకే రాయాలి అని.

పద్మ_ట్యూటర్:
ఇది మా స్టూడెంట్స్ అందరికీ ప్రింట్ తీసి ఇవ్వాలి సరోజిని గారూ. సెంటీమీటర్లలో ఎత్తు ఉన్నప్పుడు అంగుళాల్లోకి మార్చక్కర్లేదు కూడా. 2.3ని 2.54తో భాగిస్తే సుమారు 0.91, ఐదడుగులు 152.4 సెం.మీ. కాబట్టి:

మగవాళ్ళకి 50 + 0.91 × (ఎత్తు − 152.4)
ఆడవాళ్ళకి 45.5 + 0.91 × (ఎత్తు − 152.4)

163 సెం.మీ. ఆడమనిషికి 45.5 + 0.91 × 10.6 = 55.1. అంగుళాల దారిలో వెళ్ళినా 55.1 వస్తుంది. పిల్లల డోసులకి మాత్రం ఈ ఫార్ములా జోలికి పోకండి, ఇది పెద్దవాళ్ళకే.

శ్రీను_వెంటిలేటర్:
రెస్పిరేటరీ టెక్నీషియన్‌ని. పద్మ మేడం ఇచ్చిన ఆ సెంటీమీటర్ల ఫార్ములానే మేం వెంటిలేటర్‌కి వాడతాం, ప్రిడిక్టెడ్ బాడీ వెయిట్ అంటాం. అక్కడ 0.4 లేదు, ఏ అడ్జస్ట్‌మెంటూ లేదు. ఎత్తు, మగ లేదా ఆడ, అంతే. మనిషి లావెక్కితే చొక్కా సైజు పెరుగుతుంది, చెప్పుల సైజు పెరగదు కదా. ఊపిరితిత్తులు చెప్పుల లెక్క.

110 కేజీల మగమనిషి, ఎత్తు 170. ప్రిడిక్టెడ్ వెయిట్ 66. ఏఆర్‌డీఎస్‌లో (ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్నప్పుడు) కేజీకి 6 ఎంఎల్ అంటే టైడల్ వాల్యూమ్ (ఒక్కో శ్వాసకి ఇచ్చే గాలి) 396 ఎంఎల్. ఎవరైనా 110 మీద కట్టారంటే 660 పెడతారు. అంటే అతని ఊపిరితిత్తులకి నిజానికి కేజీకి 10 ఎంఎల్ కొడుతున్నట్టు. ఇది ఊరికే పుస్తకంలో మాట కాదు. 2000లో వచ్చిన ఏఆర్‌డీఎస్ నెట్‌వర్క్ స్టడీలో 861 మంది పేషెంట్లు. కేజీకి 12 ఎంఎల్ ఇచ్చిన గ్రూపులో 39.8 శాతం చనిపోయారు, 6 ఎంఎల్ గ్రూపులో 31 శాతం. ఆ కేజీలన్నీ ఎత్తు నుంచి కట్టినవే, తూకంలో వచ్చినవి కావు.

సరోజిని గారి 5.10 మనిషిని వెంటిలేటర్ మీద పెట్టండి. సరైన ఎత్తుతో 439 ఎంఎల్. తప్పు ఎత్తుతో 317. పేషెంట్ ఎయిర్ హంగర్‌తో (గాలి చాలక) కొట్టుకుంటుంటే "ఫైటింగ్ ద వెంటిలేటర్" అని రాసి సెడేషన్ పెంచుతారు.

లావణ్య_కరీంనగర్:
శ్రీను గారూ, చెప్పుల లెక్క ఇక జన్మలో మర్చిపోను 😀

ఇంకో డౌట్. బెడ్ మీద ఉన్న పేషెంట్‌ని నిలబెట్టి కొలవలేం కదా. స్పృహ లేకపోతే?

సరోజిని_ఐసీయూ:
బెడ్ ఫ్లాట్ చేసి, తలగడ తీసేసి, కాళ్ళు చాపించి, మాడు నుంచి మడమ దాకా టేప్. ఇద్దరు ఉండాలి, ఒకరు తల దగ్గర పట్టుకోవాలి. పక్క నుంచి తిన్నగా లాగాలి, పొట్ట మీదుగా పోనిస్తే నాలుగైదు సెంటీమీటర్లు ఎక్కువ వస్తుంది.

మోకాళ్ళు ముడుచుకుపోయిన ముసలివాళ్ళకి అది కుదరదు. అప్పుడు ముంజేయి కొలత. ఎడమ చేయి మడిచి, అరచేయి కుడి భుజం వైపు పెట్టించి, మోచేతి మొన నుంచి మణికట్టు దగ్గర బయటికి పొడుచుకొచ్చే ఎముక మధ్య దాకా కొలుస్తాం. ఆ సెంటీమీటర్లని ఎత్తులోకి మార్చే పట్టిక ఉంటుంది, ఆడ, మగ, 65 ఏళ్ళ లోపు, పైన అని వేరువేరుగా. మేం దాన్ని లామినేట్ చేసి క్రాష్ కార్ట్ పక్కన తగిలించాం.

డల్లాస్_మేరీ:
అందరూ ఎత్తు మీద పడ్డారు, బరువు మాత్రం నమ్మకమా? మా దగ్గర బెడ్డే తూస్తుంది. కానీ పేషెంట్ రాకముందు ఒక దుప్పటి, ఒక తలగడతో జీరో చేస్తాం. పొద్దున తూచేసరికి ఇంకో రెండు దుప్పట్లు, కాళ్ళ దగ్గర తగిలించిన కంప్రెషన్ పంప్, నిండిన యూరిన్ బ్యాగ్, మెషీన్ అన్నిటినీ కలిపి చూపిస్తుంది. అందుకే ఒక రోజులో నాలుగు కేజీలు పెరిగినట్టుంటే ముందు బెడ్ చుట్టూ చూస్తాను.

కంప్యూటర్‌లో ఐడియల్, అడ్జస్టెడ్ అన్నీ దానంతటదే వచ్చేస్తాయి లావణ్యా, చేత్తో కట్టే పని అరుదు. కానీ స్క్రీన్ మీద "ఏబీడబ్ల్యూ" అని కనబడితే జాగ్రత్త. కొందరు దాన్ని యాక్చువల్‌కి వాడతారు, కొందరు అడ్జస్టెడ్‌కి. ఇక్కడ హ్యాండోవర్‌లో నేను ఎప్పుడూ పూర్తి పేరు చెప్తాను.

సరోజిని_ఐసీయూ:
మేరీ, మీకు దుప్పట్ల సమస్య. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక చోట క్యాజువాలిటీ నుంచి వచ్చే షీట్లలో అందరి బరువూ 60 కేజీలే. పెద్దాయనా 60, పాతికేళ్ళ అమ్మాయీ 60. కొన్నాళ్ళకి మేం నవ్వడం కూడా మానేశాం. మళ్ళీ ఒక తూకం అడిగితే "అప్రాక్స్ సిస్టర్" అనేవారు. స్ట్రెచర్‌తో సహా తూచే మెషీన్ స్టోర్ రూంలో కవరు కప్పుకుని ఉండేది.

ఇంకో సంగతి. సెప్సిస్ పేషెంట్‌కి రెండు రోజుల్లో ఎనిమిది లీటర్లు ఎక్కించి ఉంటాం, మనిషి ఉబ్బిపోయి ఉంటాడు. లీటర్ అంటే కేజీ. ఆ బరువు అతని ఒళ్ళు కాదు, మన సెలైన్. డోసింగ్ వెయిట్ అని అడ్మిషన్ బరువు ఒకటి విడిగా రాసి పెట్టుకుంటే మంచిది. డయాలసిస్ వాళ్ళకి డ్రై వెయిట్ (అదనపు నీరు తీసేశాక ఉండే బరువు).

సుబ్బు_తెనాలి:
నేను నర్సుని కాదండీ, మా ఆవిడ స్టాఫ్ నర్స్, ఆవిడ ఫోన్‌లో చదువుతున్నా. నా ఎత్తు ఐదు ఏడు, బరువు 81. ఈ ఫార్ములా ప్రకారం నేను 66 ఉండాలట! పదిహేను కేజీలు తగ్గాలా? 😟

డైట్_సునంద:
సుబ్బు గారూ, కంగారు పడకండి. ఇది మందు డోసు కట్టడానికి పెట్టుకున్న అంకె, మీరు చేరాల్సిన గమ్యం కాదు. మీ బీఎంఐ సుమారు 28. మనవాళ్ళకి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క, ఎందుకంటే మనకి తక్కువ బరువులోనే పొట్ట దగ్గర కొవ్వు, షుగర్ వచ్చేస్తాయి. కాబట్టి తగ్గడం మంచిదే. ముందు నాలుగైదు కేజీలు తగ్గండి, నడుము కొలుచుకోండి. మీ ఆవిడ ఫోన్ ఆవిడకి ఇచ్చేయండి.

లావణ్య_కరీంనగర్:
ఎప్పుడు అడ్జస్టెడ్‌కి మారాలి? ఐడియల్ కన్నా ఒక్క కేజీ ఎక్కువున్నా మారాలా? సన్నగా ఉన్నవాళ్ళకి?

ఫార్మ్‌డీ_కిరణ్:
అసలు బరువు ఐడియల్ కన్నా 20 శాతం ఎక్కువైతే మారాలని చాలా హాస్పిటల్స్ పాలసీ, కొన్ని చోట్ల 30 శాతం. మీ పేషెంట్‌ది 96.4 ÷ 54.7, అంటే 176 శాతం. ఏ పాలసీలో అయినా దాటేసింది.

సన్నగా ఉన్నవాళ్ళ సంగతి మన దగ్గర ఇంకా ముఖ్యం, దీన్ని ఎవరూ గట్టిగా చెప్పరు. అసలు బరువు ఐడియల్ కన్నా తక్కువుంటే అసలు బరువే వాడాలి. ఐదు ఏడు ఎత్తు ఉండి 38 కేజీలకి చిక్కిపోయిన మనిషిని ఊహించండి, మన ప్రభుత్వాసుపత్రుల వార్డుల్లో కొత్త కాదు. ఐడియల్ 66.1. అమికాసిన్ కేజీకి 15 ఎంజీ లెక్కన ఐడియల్ మీద 992 ఎంజీ, అసలు బరువు మీద 570. "లావుగా ఉంటేనే ప్రమాదం" అనుకుని ఐడియల్‌ని గుడ్డిగా పట్టుకుంటే, చిక్కిపోయిన మనిషికి దగ్గర దగ్గర రెట్టింపు డోసు పోతుంది.

మందుకొక బరువా అని మొదట్లో అడిగారు కదా, అవును, కానీ బట్టీ పట్టాల్సినంత లేదు. హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేది) అసలు బరువు మీదే, బోలస్ (మొదటి డోసు) కేజీకి 80 యూనిట్లు, తర్వాత కేజీకి గంటకి 18, పైన ఎక్కడ ఆపాలో ప్రొటోకాల్‌లో ఉంటుంది. ఎనాక్సాపరిన్ ట్రీట్‌మెంట్ డోసు కేజీకి 1 ఎంజీ, అదీ అసలు బరువే. వాంకోమైసిన్ అసలు బరువు, లోడింగ్ డోసుకి 3 గ్రాముల పైకప్పు. ఇంట్యుబేషన్‌లో (శ్వాసగొట్టం వేసేటప్పుడు) కండరాలు వదులు చేసే మందుల్లో సక్సినైల్‌కోలిన్ అసలు బరువు, రోక్యురోనియం చాలా చోట్ల ఐడియల్. అడ్జస్టెడ్ వచ్చేది ప్రధానంగా అమైనోగ్లైకోసైడ్స్‌కి (జెంటామైసిన్, అమికాసిన్ లాంటివి), ఇంకా క్రియాటినిన్ క్లియరెన్స్‌కి (కిడ్నీ పనితీరు అంచనా).

ఆ రెండోది జనం మర్చిపోతారు. కాక్‌క్రాఫ్ట్–గాల్ట్ ఫార్ములా, 1976 నాటిది: (140 − వయసు) × బరువు ÷ (72 × క్రియాటినిన్), ఆడవాళ్ళకి 0.85తో గుణించాలి. మీ పేషెంట్ వయసు 58, క్రియాటినిన్ 1.2 అనుకోండి. అసలు బరువు పెడితే 78 వస్తుంది. అడ్జస్టెడ్ పెడితే 58. అసలు బరువు పెట్టినవాడు "కిడ్నీ బానే ఉంది" అనుకుని డోసు తగ్గించకుండా వదిలేస్తాడు. డోసూ ఎక్కువే, కిడ్నీ లెక్కా ఎక్కువే. రెండు తప్పులూ ఒకే వైపు తోస్తాయి.

నాగమణి_స్టాఫ్:
కిరణ్ గారూ, మా వార్డులో సగం మంది ఆడవాళ్ళు ఐదడుగుల లోపే. నాలుగు పది, నాలుగు తొమ్మిది. ఫార్ములా ఐదడుగుల "పైన" అంటుంది. మావాళ్ళకి ఏం చేయాలి?

ఫార్మ్‌డీ_కిరణ్:
మంచి ప్రశ్న, డివైన్ దీని గురించి ఏమీ చెప్పలేదు. అమెరికా టేబుల్స్ నుంచి వచ్చిన ఫార్ములాకి మన అమ్మమ్మలు కనబడలేదు. ఎక్కువమంది చేసేది అదే గీతని కిందికి లాగడం, తగ్గిన ప్రతి అంగుళానికీ 2.3 తీసేయడం. నాలుగు పది, 70 కేజీల ఆవిడకి 45.5 − 4.6 = 40.9. అడ్జస్టెడ్ 40.9 + 0.4 × 29.1 = 52.5. సెంటీమీటర్ల ఫార్ములాలో మైనస్ దానంతటదే వస్తుంది, వెంటిలేటర్‌కి అలాగే వాడతారు.

కొందరు 45.5 దగ్గర ఆపేస్తారు. అప్పుడు అడ్జస్టెడ్ 55.3 వస్తుంది. జెంటామైసిన్‌కి 5 ఎంజీ చొప్పున తేడా 14 ఎంజీ, ఒక్క డోసులో పెద్ద విషయం కాదు. నా అభిప్రాయం అడిగితే కిందికి లాగడమే మేలు, వీళ్ళలో వయసు మళ్ళినవాళ్ళు ఎక్కువ, కిడ్నీలు కూడా అంతంతమాత్రం. కానీ మీ హాస్పిటల్‌లో ఏదో ఒకటి రాసి పెట్టించండి. డే షిఫ్ట్ ఒకలా, నైట్ షిఫ్ట్ ఒకలా కడితే అదే అసలు ప్రమాదం.

పద్మ_ట్యూటర్:
పరీక్షల్లో ఐదడుగుల లోపు పేషెంట్ దాదాపు రాదు. ప్రశ్న రాసేవాళ్ళకీ గొడవ ఎందుకని.

సరోజిని_ఐసీయూ:
లావణ్యా, ఇంతమంది ఇంత చెప్పారు, ఇదిగో నీకు ఒక లెక్క. నిజం వార్డు లెక్క, ఎన్‌క్లెక్స్‌ది కాదు.

షుగర్ పేషెంట్, మగ, 61 ఏళ్ళు. ఎడమ కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. ఉన్న కాలితో కొలిస్తే ఎత్తు 168. బెడ్ స్కేల్ మీద 58 కేజీలు. అమికాసిన్ కేజీకి 15 ఎంజీ రాశారు. ఏ బరువు వాడాలి?

లావణ్య_కరీంనగర్:
అక్కా, ఐడియల్ 50 + 0.91 × 15.6 = 64.2. అసలు బరువు 58, ఐడియల్ కన్నా తక్కువ, కాబట్టి 58 మీద 870 ఎంజీ. కానీ కాలు లేదు కదా... 64.2 అనేది రెండు కాళ్ళున్న మనిషికి. దాన్ని ఏమైనా చేయాలా?

సరోజిని_ఐసీయూ:
చేయాలి. మోకాలి కింది భాగం, పాదంతో కలిపి, ఒంటి బరువులో సుమారు 5.9 శాతం. మొత్తం కాలైతే 16. కాబట్టి ఇతని ఐడియల్ 64.2 × 0.941 = 60.4. బీఎంఐ చూడాలంటే తిరగేసి కట్టాలి, 58 ÷ 0.941 = 61.6 కేజీ, కాలు ఉంటే అంత ఉండేవాడన్నమాట. డోసుకి మాత్రం నువ్వు చెప్పిన 58యే. లేని కాలికి మందు ఇవ్వం కదా.

ఫార్మ్‌డీ_కిరణ్:
870 సరే సిస్టర్, కానీ 61 ఏళ్ళ షుగర్ పేషెంట్, క్రియాటినిన్ చెప్పలేదు. అది చూడకుండా నేనైతే సంతకం పెట్టను. వయల్ 500 ఎంజీ, 2 ఎంఎల్ అయితే 870కి 3.48 ఎంఎల్, సిరంజిలో 3.5 లాగుతారు, 875 ఎంజీ. అంతవరకూ ఇబ్బంది లేదు.

సరోజిని_ఐసీయూ:
క్రియాటినిన్ 1.9 కిరణ్ గారూ. లావణ్యా, 58 పెట్టి క్లియరెన్స్ కట్టు.

లావణ్య_కరీంనగర్:
(140 − 61) × 58 ÷ (72 × 1.9) = 4,582 ÷ 136.8 = 33.5. మగవాళ్ళు కాబట్టి 0.85 లేదు. అయితే రోజూ 870 ఇవ్వకూడదు కదా అక్కా? డాక్టర్‌కి ఫోన్ చేయాలి.

సరోజిని_ఐసీయూ:
చేయాలి. ఫోన్ చేసేటప్పుడు 58, 1.9, 33.5 మూడూ చేతిలో పెట్టుకుని చెయ్యి. ఊరికే "సార్, డోసు ఎక్కువేమో" అంటే పెట్టేస్తారు.